పదిహేను రోజుల గడువు
(రోగి, అద్దెయిల్లు, చట్టం — ఒక చరిత్ర)

మా అమ్మ పోయిన తరువాత ఆమె రేకుపెట్టెలో ఒక గుడ్డసంచి దొరికింది. అందులో కొన్ని రసీదులు, తిరిగి వచ్చిన నాలుగు మనియార్డరు ఫారాలు, వాటితో పాటు టైపు చేసిన ఒక వకీలు నోటీసు ఉన్నాయి. నోటీసు 1963 నాటిది. అప్పుడు మేము తెనాలిలో ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్ళం. మా నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టరు. ఆయనకు క్షయ అని తేలిన రెండో నెలలో ఆ నోటీసు వచ్చింది. పదిహేను రోజులలో ఇల్లు ఖాళీచేసి స్వాధీనం చేయవలెననీ, లేనిచో కోర్టుద్వారా చర్య తీసికొనబడుననీ అందులో ఉంది. తన సొంత వాడుకకు ఇల్లు కావలసి ఉన్నదని ఇంటాయన కారణం చూపించాడు.

ఆ కాగితం నేను చాలాసార్లు చదివాను. జబ్బు అన్న మాట అందులో ఎక్కడా లేదు. నోటీసు ఎందుకు వచ్చిందో వీధిలో అందరికీ తెలుసు. ఇంటాయనకూ తెలుసు, వకీలుకూ తెలుసు. కాగితానికి మాత్రం తెలియదు. చరిత్ర పాఠాలు చెప్పుకొని బ్రతికినవాణ్ణి గనుక, ఈ మౌనం ఎక్కడినుంచి వచ్చిందో వెదకాలని నాకు పట్టుదల కలిగింది. అద్దెకున్న మనిషి రోగంతో మంచానపడితే అతని ఇంటిని గురించి చట్టం ఏమన్నది? ఏమీ అనకపోతే ఎందుకు అనలేదు?

ఆధునిక కాలంలో మనదేశంలో రోగికీ ఇంటికీ మధ్య ప్రభుత్వం మొదటిసారి పెద్దయెత్తున చేయిపెట్టింది బొంబాయి ప్లేగులో. 1896 సెప్టెంబరులో మాండ్వీ పేటలో డాక్టర్ అకాసియో వీగాస్ ఆ వ్యాధిని గుర్తించాడు. కొద్ది నెలలలోనే నగర జనాభాలో దాదాపు సగంమంది ఊరు విడిచిపోయారు. 1897 ఫిబ్రవరిలో వలస ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం చేసింది. అది రెండుమూడు పేజీలకు మించని చట్టమే అయినా అది ఇచ్చిన అధికారానికి అంతులేదు. సోదా బృందాలు చాళ్ళలోకి వచ్చి రోగిని ఆసుపత్రికీ, ఇంట్లోవాళ్ళను శిబిరాలకూ తరలించేవి. వెలుగు రావాలని పైకప్పు పెంకులు తీసివేసేవారు, నేల తవ్వేవారు, సున్నం కొట్టేవారు. మనుషులు కాపురముండ తగదని ఇంగ్లీషులో మూడు అక్షరాలు గోడమీద వేసేవారు. ఆ అక్షరాలు పడ్డ గదిలో ఉన్న కుటుంబం వీధిలో ఉన్నట్లే లెక్క.

ఆ వీధులలో మనవాళ్ళు ఉన్నారు. కామాఠీపురా అన్న పేరే నిజాం రాజ్యపు తెలుగు జిల్లాలనుంచి వెళ్ళి ఇళ్ళుకట్టే పనిలో చేరిన కామాఠీలవల్ల వచ్చింది. బొంబాయి ఇళ్ళు కట్టినవాళ్ళకు బొంబాయిలో సొంత ఇల్లు లేదు. తరువాతి కాలంలో మన పద్మశాలీలు వేలసంఖ్యలో వెళ్ళి మిల్లులలో చేరారు. 1896 అక్టోబరు చివర వెయ్యిమందిదాకా మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్డు ఆసుపత్రిమీద పడ్డారు. దీనిని అజ్ఞానమని కొట్టిపారేసిన చరిత్రకారులున్నారు. రోగిని తీసికొనిపోతే మనిషీ తిరిగి రాడు, గదీ తిరిగి రాదు అని ఆ కార్మికులు అనుభవంమీద తెలిసికొన్నారు. దానికి నేను అజ్ఞానమని పేరు పెట్టలేను.

1898లో ఇంప్రూవుమెంటు ట్రస్టు ఏర్పడింది. దాని మొదటి పథకం కామాఠీపురా పక్కనే ఉన్న నాగపాడాలో మొదలైంది. మురికిపేటలు కూల్చి వెడల్పు వీధులు వేయడం దాని పని. కూల్చిన ఇంటికి యజమానికి నష్టపరిహారం ముట్టేది. అందులో నెలవారీ అద్దెకున్నవాడికి చెప్పుకోదగ్గ హక్కేమీ లేదు. మొదటి పదేళ్ళలో ట్రస్టు కట్టిన గదులకంటే కూల్చిన గదులే ఎక్కువ. వెళ్ళగొట్టబడినవాళ్ళు పక్క పేటలో మరింత ఇరుకుగా సర్దుకొన్నారు, అక్కడ అద్దెలు పెరిగాయి. అంతకు పాతికేళ్ళకు ముందే, 1872లో, గృహసమస్యమీద రాసిన వ్యాసాలలో ఎంగెల్స్ ఈ సంగతే ఎత్తి చూపాడు. అంటురోగాలు ధనికుల పేటలవైపు రావడం మొదలుపెట్టిన తరువాతనే పేదల ఇళ్ళమీద ధనికులకు శ్రద్ధ పుడుతుందనీ, ఆ శ్రద్ధ మురికిపేటను ఒకచోట తీసి మరొకచోట పెడుతుందనీ ఆయన వాదం. నాగపాడాను ఆయన చూడలేదు. చూసిఉంటే ఒక్క వాక్యమూ మార్చవలసిన అవసరం వచ్చేది కాదు.

బొంబాయిలో రోగం ఇల్లు ఖాళీచేయించడానికి కారణమైంది. ఇల్లు నిలబెట్టడానికి అది కారణం కావచ్చునన్న ఆలోచన మరోవైపునుంచి, గ్లాస్గో ఆడవాళ్ళ పోరాటంనుంచి వచ్చింది.

1915లో ఆ నగరంలోకి ఆయుధ కర్మాగారాల కోసం వేలాదిమంది కార్మికులు వచ్చారు. ఇళ్ళు చాలక యజమానులు అద్దెలు పెంచారు. ఇంటి మగవాళ్ళు యుద్ధభూమిలో ఉన్నారు. ఆ వేసవిలో షెటిల్‌స్టన్ పేటలో ఒక సైనికుడి కుటుంబాన్ని కొద్దిపాటి బకాయికి వీధిలోకి లాగబోయారు. ఆ సైనికుడు అప్పటికి ఫ్రాన్సులో గాయపడి ఉన్నాడు. ఇరుగుపొరుగు వచ్చి అడ్డం నిలిచారు. గోవన్ పేటలో మేరీ బార్బర్ నాయకత్వాన ఆడవాళ్ళు ప్రతి మెట్లదారికీ కాపలా పెట్టుకొన్నారు. కోర్టు అమీనా కనిపిస్తే గంట మోగేది, పిండి సంచులు ఆయన నెత్తిన పడేవి. నవంబరు నాటికి ఇరవైవేల కుటుంబాలదాకా అద్దె సమ్మెలో ఉన్నాయి. నవంబరు 17న పద్ధెనిమిదిమందిని కోర్టుకు పిలిస్తే కర్మాగారాలు వదిలి వేలమంది కోర్టు ముందుకు వచ్చారు. కేసులు ఎత్తివేశారు. డిసెంబరులో పార్లమెంటు అద్దెలను యుద్ధానికి పూర్వపు స్థాయికి కట్టివేస్తూ, ఖాళీ చేయించడాన్ని అదుపులో పెడుతూ చట్టం చేసింది.

మన ఉద్యమ సాహిత్యంలో ఈ విజయాన్ని తలచుకొన్నప్పుడు అక్కడితో ఆగుతారు. నేను ఆగదలచుకోలేదు. ఆ చట్టం అద్దె కట్టినంతకాలం మాత్రమే కాపాడింది. అద్దె కట్టనివాణ్ణి, ఇల్లు తన కాపురానికి సమంజసంగా అవసరమని యజమాని రుజువుచేసిన చోట అద్దె కట్టినవాణ్ణి కూడా, ఖాళీ చేయించవచ్చు. ధరలు పెంచే యజమాని ఒక శత్రువు. సంపాదన ఆగిపోవడం మరొక శత్రువు. మొదటివాడితో గ్లాస్గో ఆడవాళ్ళు పోరాడి గెలిచారు. రోగి తలుపు తట్టేది రెండోవాడు. బ్రిటనులో ఆ రెండోదానికి 1911 నాటి జాతీయ బీమా చట్టం ఉండేది. జబ్బుపడ్డ కార్మికుడికి వారానికి పది షిల్లింగులు, ఇరవైయారు వారాలు. అరకొర మొత్తమే. ఆడదయితే ఏడున్నర షిల్లింగులు, మరీ అరకొర. కాని ఒక చట్టం అద్దెను పట్టుకొంటే మరొకటి కూలిని పట్టుకొన్నది. మనకు వచ్చేసరికి ఈ జంటలో ఒకటే ఓడ ఎక్కింది.

1918లో బొంబాయిలో యుద్ధకాలపు అద్దె చట్టం వచ్చింది. 1920లో కలకత్తా, రంగూనులలో వచ్చాయి. రెండో యుద్ధంలో మద్రాసు ప్రభుత్వం 1941లో అద్దె నియంత్రణ ఉత్తరువు తెచ్చింది. అది 1946లోనూ, మళ్ళీ 1949లోనూ చట్టమైంది. హైదరాబాదు రాష్ట్రానికి 1954 చట్టం. వీటి రెంటినీ తీసివేసి 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల (కౌలు, అద్దె, తొలగింపు) నియంత్రణ చట్టం హైదరాబాదు, సికిందరాబాదులకూ మునిసిపాలిటీలకూ వర్తించేటట్లు వచ్చింది. మా కేసు దానికిందనే నడిచింది.

ఆ చట్టాన్ని నేను తక్కువ చేయను. ఆస్తిబదిలీ చట్టం, 1882, 106వ సెక్షను ప్రకారం నెలవారీ అద్దెదారుకు దక్కేది పదిహేను రోజుల నోటీసు మాత్రమే. కారణం చెప్పనవసరం లేదు. 1960 చట్టం కారణం చూపమన్నది, కంట్రోలరు ముందు రుజువు చేయమన్నది. అద్దె బకాయి పడితే అది బుద్ధిపూర్వకమైన ఎగవేతా కాదా అని చూడమన్నది; కాదని తేలితే కట్టడానికి గడువు ఇవ్వవచ్చునన్నది. రోగికి ఆ చట్టంలో ఉన్న చోటు ఆ ఒక్క పదమే — బుద్ధిపూర్వకం. జబ్బుతో మంచంలో ఉన్నవాడు బుద్ధిపూర్వకంగా ఎగవేశాడని ఎవరంటారు? తమిళనాడు చట్టంలోని అదే మాటను 1985లో సుప్రీంకోర్టు సుందరం పిళ్ళై కేసులో వివరించింది. తెలిసి, ఉద్దేశపూర్వకంగా, ఫలితాన్ని లెక్కచేయకుండా ఎగవేస్తేనే అది ఆ మాటకు తగుతుందన్నది.

కాని గడువు ఎంత? పదిహేను రోజులకు మించరాదు. 1882లో పదిహేను రోజులు, 1960లో పదిహేను రోజులు. క్షయకు ఆనాడు మందు ఏడాదికి తగ్గకుండా వాడాలి. అంతే కాదు, వచ్చిన దరఖాస్తుమీద వాదించుకోవాలంటేనే అద్దెదారు అప్పటిదాకా ఉన్న బకాయి అంతా ముందుగా కట్టాలి, విచారణ నడిచినంతకాలం కడుతూ పోవాలి. ‘నేను జబ్బుతో కట్టలేకపోయాను’ అని చెప్పుకోవడానికి అర్హత, కట్టగలిగినవాడికే!

మా ఇంట్లో జరిగింది వేరు. మా అమ్మ గాజులు కుదువబెట్టి అద్దె తీసికొని వెళితే ఇంటాయన తీసికోలేదు. “నీ చేతి డబ్బు ముట్టుకోలేనమ్మాయ్, నా మనవలున్నారు” అన్నాడట. “రోగం నోటుకంటదా బాబాయిగారూ, అరుగుమీద పెట్టి పోతాను” అన్నదట అమ్మ. అయినా తీసికోలేదు. ఆ మాటలో కొంత నిజమైన భయం ఉంది, కొంత వకీలు సలహా ఉంది. ఎంత ఏదో ఈనాడు నేను విడదీయలేను. అద్దె నిరాకరించి, నాలుగు నెలలయ్యాక ఎగవేత అని దరఖాస్తు పెట్టడం ఆనాటికే పాత ఎత్తు.

దీనికి చట్టం విరుగుడు చూపింది. 8వ సెక్షను. ఏ బ్యాంకులో కట్టమంటావో పది రోజులలో చెప్పమని యజమానికి రాతమూలకంగా నోటీసు ఇవ్వాలి. చెప్పకపోతే మనియార్డరు పంపాలి. కమీషను అద్దెలోంచి మినహాయించుకోవచ్చు. దానినీ తిప్పికొడితే కంట్రోలరువద్ద డిపాజిటు చేయాలి. చదవడానికి సుళువుగానే ఉంది. దానిని నడవాలి. నోటీసు రాసేవాడికోసం ఒకరోజు, పోస్టాఫీసుకు ఒకరోజు, తిరిగివచ్చిన ఫారం పట్టుకొని కచేరీకి ఒకరోజు, చలానాకు ఒకరోజు — ప్రతి నెలా. చట్టం ఊహించుకొన్న అద్దెదారుకు రెండు కాళ్ళున్నాయి, చదువుంది, సెలవుంది. మా నాన్నకు చదువు ఒక్కటే ఉంది. మంచంమీద పడుకొని ఆయన చెబుతుంటే మా అమ్మ అక్షరాలు కూడబలుక్కొని రాసింది. మూడో తరగతి చదివిన మనిషి, 8వ సెక్షను ఉపసెక్షనులు వరుసగా ఒప్పజెప్పేది. గుడ్డసంచిలో దొరికిన నాలుగు ఫారాలు అవే.

ఇక్కడ వైద్యశాస్త్రం సంగతి ఒకటి చెప్పాలి. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం 1959లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికలో ఒక ఫలితం ప్రకటించింది. శానిటోరియంలో ఉంచినవారితో పోలిస్తే ఇంట్లోనే ఉండి మందులు వాడిన పేదరోగులకు కూడా దాదాపు అంతే బాగా నయమైంది. ఇంట్లోవారికి అదనంగా ముప్పు కలగలేదు. ప్రపంచమంతటా క్షయచికిత్సను మార్చిన ఈ పరిశోధన జరిగింది మన పక్కన, ఇరుకిళ్ళలో ఉన్న పేదలమీద. ‘ఇంటివద్ద చికిత్స’ అన్న ఆ మాటలో ఇల్లు అనేది ముందే ఉన్నట్లు అనుకోబడింది. ఆ ఇల్లు రోగికి ఎవరు నిలబెడతారన్నది డాక్టర్ల పని కాదు. అది చట్టం పని. చట్టం దానిని తన పనిగా తీసికోలేదు. మాకు మందులు రాసిన డాక్టరు ఇంట్లోనే వాడవచ్చునన్నాడు. ఇల్లే వివాదంలో ఉన్నందువల్ల మా నాన్న మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం వెళ్ళి ఎనిమిది నెలలున్నాడు.

ఉద్యోగం విషయంలో ఇదే దేశం ఇంకోలా ఆలోచించగలిగింది. 1948 నాటి కార్మిక రాజ్యబీమా చట్టం జబ్బుకాలంలో వేతనంలో కొంత భాగం ఇచ్చింది. దాని 73వ సెక్షను మరొక అడుగు ముందుకు వేసి, అస్వస్థతా సహాయం పొందుతున్న కాలంలో కార్మికుణ్ణి పనిలోంచి తీసివేయరాదని యజమానిని నిషేధించింది. అలా తీసివేస్తూ ఇచ్చిన నోటీసు చెల్లదన్నది. ఎంత సూటి నియమం! జబ్బుకాలంలో నోటీసు చెల్లదు. 1948లో ఫ్యాక్టరీ యజమానికి చెప్పగలిగిన ఈ మాట 1960లో ఇంటి యజమానికి చెప్పడానికి శాసనసభకు తోచలేదు. ఫ్యాక్టరీలో కార్మికసంఘం ఉంది. అద్దెయిళ్ళలో ఏ సంఘమూ లేదు. మన పక్షంలో ఉన్న లోటు కూడా ఇక్కడ ఒప్పుకోవాలి. దున్నేవాడికి భూమి కోసం మనం ప్రాణాలిచ్చాము. కౌలుదారు బేదఖలుమీద పాటలు కట్టాము. పట్టణంలో పది రూపాయల గదిలోంచి ఖాళీ అయ్యే గుమాస్తా, నర్సు, బండి కూలి మన తీర్మానాలలో ఆఖరు పేరాలో ఉండేవారు, సమయం చాలకపోతే ఆ పేరా చదవబడేది కాదు.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. ఇంటియజమానులందరూ భాగ్యవంతులు కారు. మా ఇంటాయనే చిన్న కిరాణా నడిపి మానినవాడు, ఆ అద్దే ఆయనకు ఆధారం. ఒకరి జబ్బు ఖర్చు పక్కవాడి నెత్తిన వేయడం ఏం న్యాయమని ఆయన అడిగితే నా దగ్గర జవాబు ఉంది, కాని అది ఆయనకు చెప్పవలసింది కాదు. జబ్బుకాలంలో అద్దెను ఎవరు పూరిస్తారన్నది సమాజం మొత్తం తేల్చవలసిన లెక్క. పది షిల్లింగుల సంగతి పైన చెప్పింది అందుకే. ఆ లెక్క తేలనంతకాలం ఒక చిన్న యజమానీ ఒక రోగీ ఒకరి గొంతు ఒకరు పట్టుకొని ఉంటారు.

తరువాతి కాలంలో చట్టం రెండుసార్లు రోగంపేరు నోరు విప్పి పలికింది. 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం, ఆ వ్యాధి కారణంగా నివాసపు హక్కునూ అద్దెకుండే హక్కునూ నిరాకరించడం, మధ్యలో ఆపడం వివక్ష అని నిషేధించింది. దానికి రోగులూ వారి సంఘాలూ ఏళ్ళతరబడి పోరాడవలసి వచ్చింది. రెండోది 2020లో. ఆ మార్చిలో కరోనా రోగులకు వైద్యంచేస్తున్న డాక్టర్లనూ నర్సులనూ ఇళ్ళు ఖాళీచేయమన్నారు; ఆ ఫిర్యాదులు వచ్చిన ఊళ్ళలో మన వరంగల్లు ఉంది. మార్చి 29న కేంద్ర హోంశాఖ, కూలీలనుంచి ఒకనెల అద్దె అడగరాదనీ, వారినీ విద్యార్థులనూ ఖాళీ చేయించేవారిమీద చర్య ఉంటుందనీ ఉత్తరువిచ్చింది. ఏప్రిల్‌లో ఒక ఆర్డినెన్సు, సెప్టెంబరులో చట్టం వచ్చి, వైద్యసిబ్బంది నివాసపరిస్థితులకు భంగం కలిగించే వేధింపును నేరం చేశాయి. ఇలా సవరించబడిన మూలచట్టం ఏది? 1897 నాటి అంటువ్యాధుల చట్టమే. కామాఠీపురా గదులు ఖాళీచేయించిన కాగితం నూటయిరవైమూడేళ్ళకు ఒక నర్సు గదికి కాపలా అయింది. ఆమె చూస్తున్న రోగి గది గురించి మాత్రం అది అప్పుడూ ఏమీ అనలేదు.

2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో యుద్ధం, వరద, కరువు, భూకంపం వంటి విపత్తుకాలంలో గడువు తీరితే, విపత్తు తగ్గిన తరువాత ఒకనెలదాకా ఉండనివ్వాలన్న నియమం ఉంది. ఊరంతా మునిగితే విపత్తు. ఒక్క మనిషికి డయాలిసిస్ మొదలైతే, ఒక్క ఇంట్లో కాన్సరు వస్తే, అది ఆ జాబితాలో లేదు. ఇక 1960 చట్టాన్ని 2005లో సవరించి, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దెయిళ్ళను దాని రక్షణనుంచి తప్పించారు. హైదరాబాదులో ఎర్రమంజిల్, లక్డీకాపూల్ చుట్టుపక్కల పెద్దాసుపత్రులకు దగ్గరగా గది తీసికొని నెలలతరబడి ఉండే రోగి కుటుంబాలకు ఆ అద్దెకు గది ఎక్కడ దొరుకుతుంది? వాళ్ళు మళ్ళీ 1882లో ఉన్నారు. పదిహేను రోజులు.

మా కేసులో కంట్రోలరు దరఖాస్తు కొట్టివేశాడు. మనియార్డరు ఫారాలు చూసి, ఎగవేత లేదన్నాడు. సొంత వాడుక రుజువు కాలేదన్నాడు. ఆ ఉత్తరువు నకలు కూడా సంచిలో ఉంది. ఉత్తరువు వచ్చిన వారానికి ఇంటాయన బావికి చేద తీసివేశాడు. దానిమీదా దరఖాస్తు పెట్టవచ్చునని వకీలు గుమాస్తా చెప్పాడట. అమ్మ పెట్టలేదు. మా నాన్న ఆరోగ్యవరంనుంచి తిరిగివచ్చేసరికి మేము కాలువవతల మరొక ఇంట్లో ఉన్నాము. స్టేషనులో దిగి ఆయన అలవాటుచొప్పున పాత వీధివైపు నాలుగడుగులు నడిచాడు. అమ్మ చేయిపట్టి ఇవతలికి తిప్పింది. కొత్త ఇంటివాళ్ళు ఏ ఊరినుంచి వస్తున్నారని అడిగితే మదనపల్లె అని మాత్రం చెప్పమని మాకు ముందే నేర్పింది.